గాజు బీరువాలో విరిగిన ముక్కలు

ఉక్కు ఎర్రబడితే ఎవరి కంటికైనా కనిపిస్తుంది. ఎర్రబడి, నూనెలో మునిగి, చల్లారి, మళ్ళీ సన్నని సెగ తగిలినప్పుడు దాని ఒంటి మీద రంగులు ఒకదాని వెనుక ఒకటి పాకుతూ వస్తాయే, వాటిని పట్టుకోగలిగినవాడే పనివాడు. మొదట లేత గడ్డి రంగు, తరువాత ముదురు పసుపు, ఆపైన గోధుమ రంగు, వంకాయ రంగు, చిట్టచివరికి నెమలికంఠం నీలం. ఏ పనిముట్టుకు ఏ రంగు దగ్గర సెగ ఆపాలో తెలియాలి. ఒక్క రంగు ముందు ఆపితే పెళుసుబారి అంచు రాలుతుంది; ఒక్క రంగు దాటనిస్తే మెత్తబడి వంగుతుంది. ఉలులు, సుత్తులు, పట్టకార్లు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో ముప్ఫై ఆరేళ్ళు ఆ రంగులను చూసి సెగ ఆపినవాడు రంగుల మేస్త్రి. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. దానితో ఎవరికీ పని పడలేదు.

ఆయన గదికి కిటికీలన్నీ మూసి నల్లగుడ్డ కట్టించుకున్నాడు. ఎండ రోజుకొక తీరుగా ఉంటుంది, రంగు మాత్రం రోజూ ఒకే తీరుగా కనిపించాలి గదా! లోపల ఒకటే దీపం. అది మాడిపోతే అదే కంపెనీది, అదే వెలుగుది తెచ్చి, ఆయన ఎదుటనే బిగించాలి. "నా పెళ్ళి చూపులకు కూడా ఇంత వెతకలేదురా" అనేవాడు బల్బు పెట్టె తిప్పి చూస్తూ. పెళ్ళి చూపులు జరిగిన మాట నిజమే; పెళ్ళి జరగలేదు. ఎందుకని అడిగినవారికి, "అందరి రంగులూ నేను చెబుతాను, నా రంగు మాత్రం ఎవరికీ నచ్చలేదు" అని నవ్వి ఊరుకొనేవాడు.

ఆయనకు మరొక అలవాటు ఉంది. విరిగి తిరిగివచ్చిన ప్రతి పనిముట్టు నుంచీ ఒక ముక్క దాచేవాడు. దానికి దారంతో ఒక చీటీ కట్టి, మూడు మాటలు రాసేవాడు: ఏమిటి, ఎప్పుడు, ఎందుకు. విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరిస్తే ఉక్కు అతిగా కాలిందని, అలలు అలలుగా గీతలుంటే చిన్న పగులు ఏళ్ళ తరబడి మెల్లగా పాకిందని, అంచున నల్లటి చార ఉంటే నూనెలో ముంచినప్పుడే చీలిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చూసి చూసి తెలుసుకున్నాడు. పొరపాటు తనదే అయితే "నా తప్పు" అని రాసేవాడు. అటువంటి చీటీలు నలభై మూడు. అందరూ తమ తప్పును భూమిలో పాతిపెట్టే లోకంలో తన తప్పులకు తేదీలు వేసి దాచుకున్న మనిషి. బిస్కెట్ల రేకుపెట్టెలు మూడు నిండాయి. అవి ఆయన మంచం కింద ఉండేవి.

చెల్లెలు ఆసుపత్రుల వాళ్ళకు దుస్తులు కుట్టే దర్జీ. భర్త పోయిన ఏడాది మూడేళ్ళ ఆడపిల్లను చంకనేసుకొని, కుట్టుమిషను రిక్షాలో వేసుకొని అన్నయ్య ఇంటికి వచ్చింది. సైకిళ్ళు బాగుచేసే దుకాణం పైన రెండు గదులు. ఒక గదిలో మిషను, రెండో గదిలో మంచం, మంచం కింద పెట్టెలు. పిల్లకు ఆ పెట్టెలే బొమ్మలు. చదవడం వచ్చాక చీటీలు చదవసాగింది. చదివి ఊరుకొనేది కాదు.

"మామయ్యా, ఇదెందుకు విరిగింది?"

"అక్కడ రాశాను కదే, అతిగా కాలింది."

"అతిగా కాలితే ఎందుకు విరగాలి?"

"లోపలి పలుకులు పెద్దవవుతాయి."

"ఎందుకు పెద్దవవుతాయి?"

"నన్నడుగుతావేమే? దాన్నే అడుగు."

"అది విరిగిపోయింది కదా, ఎలా చెబుతుంది?"

కుట్టుమిషను దగ్గరి నుంచి తల్లి అరిచేది: "అన్నయ్యా, అన్నం తినేటప్పుడైనా ఆ ఇనుప తుక్కు తియ్యించు. గొంతులో పడితే దానికీ చీటీ కడతావా?"

అప్పటి నుంచి ఆ పిల్లకు ఎందుకమ్మ అన్న పేరు స్థిరపడింది. మేస్త్రి ఆ పేరుతో గర్వంగా పిలిచేవాడు. తన దగ్గర 'ఎందుకు' అన్న ప్రశ్నకు రెండు మెట్ల దాకా జవాబుండేది. మూడో మెట్టు మీద ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉండేది. ఆ మూడో మెట్టు ఎక్కించేవాళ్ళు ఎక్కడో ఉండాలి కదా అని ఆయన బెంగ.

ఉన్నారు. పద్దెనిమిదో ఏట ఎందుకమ్మకు రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ పదార్థ శాస్త్రం, ఇంజనీరింగు కోర్సులో సీటు ఇస్తామన్నవే. ఒకటి అదే ఊళ్ళో, రెండు బస్సులు మారితే చేరే పాత విశ్వవిద్యాలయం నుంచి. రెండోది రైలులో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే కొత్త విద్యాసంస్థ నుంచి. ఏదో ఒకటి ఎంచుకొని పదిహేడో తేదీలోగా సంతకం చేసి పంపాలి. మరొకటి దానంతటదే చెల్లిపోతుంది.

కింద సైకిళ్ళాయన వార్త విని పైకి కేక వేశాడు. "పదార్థాల చదువా? అయితే రోజుకొకటి వండి పంపించమ్మా, ఉప్పు చూసి చెబుతాను!"

"ముందు నీ సైకిలు చైను ఎందుకు తెగుతోందో చెబుతుంది, ఆగు" అన్నాడు మేస్త్రి.

మేనమామా మేనకోడలూ రెండు చోట్లకూ వెళ్ళి చూసి వద్దామనుకున్నారు. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొని, భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

పాత విశ్వవిద్యాలయంలో ఆ విభాగపు నడవ పొడుగునా ఒక గాజు బీరువా ఉంది. మేస్త్రి దాని ముందు ఆగాడు. ఆగినవాడు కదలలేదు. లోపల తెల్లని గుడ్డ పరిచి, దాని మీద వరుసగా విరిగిన ముక్కలు పేర్చారు: తెగిన ఇరుసు, పగిలిన పళ్ళచక్రం, రెండుగా విరిగిన బోల్టు. ఒక్కొక్కదాని ముందు ఒక అట్టముక్క. ఏమిటి, ఎప్పుడు, ఎందుకు. అవే మూడు మాటలు!

విరిగిన ముక్క అంటే ఆయన ఎరిగిన లోకంలో సిగ్గు. కొనుక్కున్నవాడు బల్ల మీద గిరాటు వేసేది. యజమాని కాగితంలో చుట్టి దాచేది. దాన్ని తెల్లగుడ్డ మీద, గాజు వెనుక, దీపం పెట్టి నిలబెట్టినవారు ఉంటారని ఆయన కలలో కూడా అనుకోలేదు. భూతద్దం గాజుకు ఆనించి ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు. ఏ ముఖానికీ తుప్పు లేదు. తెల్లగా, నిన్ననో మొన్ననో విరిచినట్టు ఉన్నాయి.

"చూశావటే? విరిగిన ముఖం గాలి తగిలితే వారంలో తుప్పు పడుతుంది. ఇవి తళతళలాడుతున్నాయంటే అర్థమేమిటి? వీళ్ళు రోజూ విరుస్తున్నారన్నమాట."

ఎందుకమ్మ ముక్కలను చూసింది, మామయ్యను చూసింది, మళ్ళీ ముక్కలను చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది.

విభాగాధిపతి మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు. ల్యాబు చూపించమంటే, ఆ రోజు అక్కడ పరీక్షలు జరుగుతున్నాయని చెప్పి, ప్రాస్పెక్టస్ చేతికిచ్చాడు. అందులో పన్నెండో పేజీలో ల్యాబు బొమ్మ ఉంది: కొలిమి ముందు ముగ్గురు విద్యార్థులు, ముఖాల మీద ఎర్రటి వెలుగు. బొమ్మ కింద తేదీ లేదు. తేదీ లేని బొమ్మను నమ్మకూడదని మేస్త్రికి తెలియదా? తెలుసు. కాని ఆ పూట ఆయన కళ్ళు గాజు బీరువాలోనే ఉన్నాయి.

రెండో చోటు రేకుల షెడ్డు. నేలంతా నూనె మరకలు. ఒక మూల పాత యంత్రం ఉక్కు కడ్డీని రెండు కొసలా పట్టుకొని లాగుతోంది. ఫట్‌మని విరిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఉలిక్కిపడి నవ్వుతున్నారు. విరిగిన ముక్కల మీద సుద్దతో అంకె వేసి, చూడవలసినవి చూసి, తరువాత ఒక బకెట్లోకి విసిరేస్తున్నారు. బకెట్టు నిండి పొర్లుతోంది. చొక్కా చేతులు కాలిన ఒక విద్యార్థిని ఎందుకమ్మను పక్కకు తీసుకుపోయింది. ఇద్దరూ యంత్రం దగ్గర తలలు ఆనించి అరగంట మాట్లాడుకున్నారు. "ఎందుకు?" అన్న మాట మేస్త్రికి ఏడెనిమిదిసార్లు వినిపించింది, రెండు గొంతుల్లోనూ.

ఆయన మాత్రం బకెట్టునే చూస్తున్నాడు. మనసు చివుక్కుమంది. పని జరిగే చోట తుక్కు బకెట్టు నిండుతుందని ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినవాడికి వేరే చెప్పాలా! అయినా ఆ క్షణాన ఆయన పనివాడు కాడు. మూడు రేకుపెట్టెలు మంచం కింద దాచుకున్న మనిషి. తాను ప్రాణంగా దాచుకున్నది వీళ్ళు చెత్తలో వేస్తున్నారు. అది తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పదిహేనో తేదీ సాయంత్రం మిషను బల్ల మీద రెండు ఉత్తరాలూ పరిచారు. ఎందుకమ్మ ఒక కాగితాన్ని మధ్యకు మడిచి రెండు వైపులా రాసుకుంది. ఆ కాగితం ఇంకా ఉంది. కొత్త విద్యాసంస్థ వైపు పదకొండు వరుసలున్నాయి. పాతదాని వైపు నాలుగు.

"నాకు రెండోదే బాగుంది మామయ్యా. అక్కడ మనచేత చేయిస్తారు."

"ఏం చేయిస్తారు? విరిచి పారేయిస్తారు. తల్లీ, విరిగినదాన్ని గౌరవించని చోట ఎందుకు విరిగిందో నేర్పుతారా? ఆ బీరువా చూశాక కూడా నీకు అనుమానమా?"

"బీరువా సరే. ల్యాబు చూడలేదు కదా."

"ఆ ముఖాలు చూశాను కదే! ల్యాబు అబద్ధం చెప్పవచ్చు, మనుషులు చెప్పవచ్చు. విరిగిన ముఖం చెప్పదు."

చెల్లెలు దారం కొరికి, "నన్నడిగితే దగ్గరగా ఉన్నదే మంచిది" అంది. తరువాత ఆమే, "కాని నన్నెవరు అడిగారు?" అని మిషను తొక్కసాగింది.

ఎందుకమ్మ చాలాసేపు కలం మూత తిప్పుతూ కూర్చుంది. చివరికి, "నువ్వు చూశావు కదా, చాలు" అని పాత విశ్వవిద్యాలయం కాగితం మీద సంతకం చేసింది. మేస్త్రి స్వయంగా తపాలా కార్యాలయానికి నడిచి వెళ్ళి, రసీదు తెచ్చి రెండో పెట్టెలో దాచాడు.

మొదటి ఏడాది ఇంట్లో పండుగలా ఉండేది. పిల్ల సాయంత్రం రాగానే ప్రశ్నలతో వచ్చేది. అణువుల వరుసల్లో ఖాళీలుంటాయట, ఆ ఖాళీలు కదులుతాయట, ఎందుకు కదులుతాయి మామయ్యా? మేస్త్రికి సగం అర్థమయ్యేది కాదు; అర్థం కాకపోవడమే ఆయన ఆనందం. ఎప్పుడూ తరగతి గదిలో చెప్పేదేనా, కొలిమి దగ్గరికి పంపరా అని అడిగితే, వచ్చే ఏడాది పంపుతారట అనేది.

రెండో ఏడాది కొలిమి మాటలు మొదలయ్యాయి. "ఈ రోజు ఒక కడ్డీ విరిచాం. ముఖమంతా పంచదార పలుకుల్లా మెరిసింది. అతిగా కాలిందని తేలింది." మరో రోజు, "పళ్ళచక్రం విరిగింది మామయ్యా, అలలు అలలుగా గీతలు. పగులు నాలుగేళ్ళుగా పాకుతోందట."

మేస్త్రి తొడ చరిచేవాడు. "అచ్చం మా పెద్దసుత్తి కథే! చూశావటే చెల్లీ, నేను చీటీ మీద రాసిందే యూనివర్సిటీ వాళ్ళూ చెబుతున్నారు!"

"అవును మామయ్యా, అదే" అనేది ఎందుకమ్మ, కంచంలో వేళ్ళు కదుపుతూ.

కర్మాగారంలో ఎవరు దొరికితే వారికి ఈ సంగతులు చెప్పేవాడు. విశ్వవిద్యాలయమంతటిది తన చీటీలకు రాజముద్ర వేస్తున్నట్టు ఆయనకు ఉండేది. మనిషి రెండంగుళాలు ఎత్తు పెరిగాడని యజమానురాలు ఎగతాళి చేసేది. పాత యజమాని కూతురావిడ. చిన్నప్పుడు మేస్త్రి గదిలో గౌను కాల్చుకున్న మనిషి.

మూడో ఏడాది మధ్యలో ఆవిడే ఒక మధ్యాహ్నం ఆయన బల్ల మీద ముప్ఫై ఉలులు పరిచింది. అన్నిటికీ అంచులు రాలాయి.

"ఉక్కు మంచిది కాదమ్మా" అన్నాడు మేస్త్రి.

"ఉక్కు ఎప్పుడూ తెచ్చేదే మేస్త్రిగారూ." ఆవిడ ఒక ఉలి తీసి దీపం కింద పట్టింది. "ఇది ఏ రంగు?"

"ముదురు పసుపు. ఉలికి అదే కదా రంగు."

ఆవిడ చేతిలోని ఉలిని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "మేస్త్రిగారూ, ఇది లేత గడ్డి రంగు. ఇంకా చెప్పాలంటే గడ్డి కూడా సరిగా మొలవలేదు. రేపు కంటి ఆసుపత్రికి వెళ్ళండి. మీరు వెళ్ళకపోతే నేనే చెయ్యి పట్టుకొని తీసుకెళ్తాను."

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి పసుపు తిరిగాయని వైద్యురాలు చెప్పింది. కంటికి పసుపు గాజు అడ్డం పెట్టుకొని చూస్తున్నట్టేనట. పదేళ్ళుగా పెరుగుతూ ఉండవచ్చట. లోకం మీది పసుపు ఏదో, కంటిలోని పసుపు ఏదో మనిషికి తేడా తెలియదట. దీపం మారకుండా ఇన్నేళ్ళు కాపలా కాసినవాడికి కన్ను మారుతుందన్న ఆలోచనే రాలేదు.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన ఉదయం ఆయన ఇంట్లో చిన్నపిల్లవాడిలా తిరిగాడు. చెల్లెలు కుడుతున్న గుడ్డ నీలమట! తెల్లగోడ నిజంగానే తెల్లనట!

"చెల్లీ, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?"

"నువ్వు చూడనప్పుడల్లా నెరిసింది అన్నయ్యా" అని నవ్వింది ఆవిడ.

ఎందుకమ్మ నవ్వలేదు. పుస్తకాలు సర్దుకొని, క్లాసుకు వేళైందని గబగబా వెళ్ళిపోయింది.

పది రోజుల తరువాత మేస్త్రికి ఒక ముచ్చట పుట్టింది. కొత్త కన్నుతో ఆ గాజు బీరువా మళ్ళీ చూడాలి. ఊరికే చూడడం కాదు, తన ముక్కల్లో మేలైనది ఒకటి ఆ బీరువాకు ఇవ్వాలి. పెద్దసుత్తి ముక్కను తీసి మెత్తని గుడ్డతో తుడిచి, చీటీతో సహా చేతిరుమాల్లో కట్టుకున్నాడు. పిల్లకు చెప్పలేదు. ల్యాబులో కొలిమి ముందు ఉండగా వెళ్ళి నిలబడి ఆశ్చర్యపరచాలని.

నడవలో అడుగుపెట్టినప్పుడు మొదట చోటు తప్పాననుకున్నాడు. బీరువా అదే. కాని అందులోని ముక్కలు పసుపు రంగులో ఉన్నాయి. అన్నీ. పాత జిగురు కారి ఎండినట్టు, తేనెలో ముంచి తీసినట్టు. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూశాడు: తెల్లగా, నిన్న విరిచినట్టు తళతళలాడాయి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చూశాడు: పసుపు. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. అలా ఎన్నిసార్లు చేశాడో ఆయనకే తెలియదు. నడవలో పోతున్న ఇద్దరు విద్యార్థులు కన్నుకొడుతున్నాడనుకొని నవ్వుకున్నారు.

"వార్నిష్ పెద్దాయనా" అన్నాడు వెనుక నుంచి అటెండరు, చీపురు గోడకు ఆనిస్తూ. "తుప్పు పట్టకుండా నేనే వేశాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. పంతొమ్మిదేళ్ళయింది. ముసలిదై పసుపెక్కింది, నాలాగే."

"మరి... కొత్తవి?"

"కొత్తవేమిటి? ఇక్కడ విరిచి ఎన్నాళ్ళైంది! కొలిమి తొమ్మిదేళ్ళ కిందటే చల్లారింది. ల్యాబులో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెడుతున్నారు." తన మాటకు తానే నవ్వి, ఎదుటి ముఖం చూసి ఆపేశాడు. "మీకెవరు కావాలి?"

మేస్త్రి మేనకోడలి కోర్సు పేరు చెప్పాడు. అటెండరు చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అది ఎత్తేశారండీ. ఏడాదిన్నర దాటింది. పదకొండుమంది పిల్లలు పాపం. అందరినీ పరిశ్రమల నిర్వహణ అనే కోర్సులోకి తోశారు. నోటీసు ఇంకా బోర్డు మీదే ఉంది, తీసేవాళ్ళు లేక."

నోటీసు ఉంది. "విద్యార్థులలో ఆసక్తి కొరవడినందున" అని మొదలవుతుంది. ఆసక్తి కొరవడిందట! అడుగడుగునా ఎందుకని అడిగే పిల్లకు ఆసక్తి కొరవడిందని ముద్ర వేసి మరీ అతికించారు. కోర్సు మూసివేయాలన్న తీర్మానం తేదీ ఆ నోటీసు కిందనే ఉంది. ప్రాస్పెక్టస్ అచ్చయిన తేదీ దాని వెనుక అట్ట మీద ఉంది. తీర్మానం నాలుగు నెలలు ముందుది. అంటే, మూయబోతున్న ఇంటికి గుమ్మంలో దీపం పెట్టి పిల్లలను పిలిచారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అడిగిన నాథుడు లేడు. జవాబు చెప్పిన పెద్దమనిషి లేడు. కుర్చీలు వేయించిన విభాగాధిపతికి మాత్రం ఆ మధ్య పదోన్నతి వచ్చింది.

మేస్త్రి రెండు బస్సులు మారి ఇంటికి ఎలా వచ్చాడో తెలియదు. పెద్దసుత్తి ముక్కను దాని చోట పెట్టాలని మంచం కిందికి వంగి మొదటి పెట్టె తీశాడు. కిటికీ వెలుగులో చీటీల మూలల మీద ఏదో కనిపించింది. పెన్సిలుతో సన్నగా, పసుపెక్కిన కాగితం మీద వెలిసినట్టుగా పెట్టిన టిక్కులు. కంటికి ఆపరేషన్ కాకముందు అవి కనిపించే అవకాశమే లేదు. 'ఉలి, అతిగా కాలింది', టిక్కు. 'సుత్తి, మెల్లగా పాకిన పగులు', టిక్కు. 'పట్టకారు, నూనెలో చీలిక', టిక్కు. మొదటి పెట్టె అంతా. రెండో పెట్టెలో సగం.

ఏ చీటీలోని సంగతి ఎందుకమ్మ ఇంట్లో చెప్పేసిందో, ఏది ఇంకా చెప్పలేదో మరిచిపోకుండా పెట్టుకున్న గుర్తులవి. ఏడాదిన్నరగా ఆ పిల్ల సాయంత్రం పూట వచ్చి చెప్పిన ల్యాబు కబుర్లన్నీ ఆయన మంచం కిందివే. ఆయన రాసినవే ఆయనకు చదివి వినిపించింది. ఆయన తొడ చరిచి మెచ్చుకున్నది తన చేతిరాతనే.

'నా తప్పు' అని రాసిన నలభై మూడు చీటీల్లో ఒక్కదానికీ టిక్కు లేదు. వాటిని మాత్రం వదిలేసింది.

అప్పుడు మరొకటి తోచింది ఆయనకు. రెండో ఏడాది మొదలైనప్పటి నుంచీ ఈ పిల్ల ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. చెబుతోంది తప్ప అడగడం లేదు. చిన్నప్పటి నుంచీ నోట్లో నానిన మాట ఆగిపోతే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళ చెవికీ తగల్లేదు. అందుకు ఏ శుక్లాన్ని నిందించాలి?

ఎందుకమ్మ అయిదున్నరకు వచ్చింది. చెప్పులు విడిచి, ముఖం కడుక్కొని, అలవాటుగా మొదలుపెట్టింది. "ఈ రోజు గొడ్డలి తల ఒకటి..." అంటూ గదిలోకి వచ్చి, నేల మీద తెరిచిన పెట్టెలను చూసింది. మాట ఆగింది.

కుట్టుమిషను కూడా ఆగింది.

"బీరువా చూసి వచ్చానే" అన్నాడు మేస్త్రి.

ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏడవలేదు. "కట్టు విప్పిన రోజు అందరూ సంతోషిస్తుంటే నేనొక్కదాన్నే భయపడ్డాను మామయ్యా. నీ కన్ను బాగుపడిందని భయపడ్డాను. అలాంటిదాన్ని నేను."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను ఆ రోజు. నువ్వు సైకిళ్ళాయనకు చెబుతున్నావు, మా పిల్ల రేపటి నుంచి కొలిమి దగ్గరికి వెళ్తుందని. ఆయనకు నీ చొక్కా కూడా చూపించావు, అది కాలకుండా చేతులు ఎలా మడవాలో. ఒక్క రోజుకే అనుకున్నాను. మర్నాడు మళ్ళీ అడిగావు."

"ఆ ముక్కలు పసుపుగా ఉన్నాయి. నీకు ఆ రోజే కనిపించి ఉండాలి."

"కనిపించింది."

"మరి?"

"నువ్వు తెల్లగా ఉన్నాయన్నావు. నాకు చూడడం రాదేమో అనుకున్నాను."

చెల్లెలు మిషను మీద తల ఆనించింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. మేస్త్రి అడిగాడు: "ఆ రెండో చోటికి... ఇప్పుడు రాస్తే?"

ఎందుకమ్మ సంచీలోంచి ఒక కవరు తీసింది. నోటీసు పెట్టిన వారానికే ఆమె రాసింది. జవాబు నాలుగు వాక్యాలు; మర్యాదగానే ఉంది. విడిచిపెట్టిన సీటు ఆ ఏటితోనే చెల్లిపోయిందనీ, మొదటి ఏడాదికి వయోపరిమితి దాటిందనీ, మరొక కోర్సులోకి మారినవారిని పై ఏడాదిలో చేర్చుకొనే నిబంధన లేదనీ, ఆమెకు శుభం కలగాలనీ. కవరు మడతల దగ్గర చినుగుతోంది. ఎన్నిసార్లు తీసి చదివిందో!

మేస్త్రి ఆ రాలిన ఉలుల్లో ఒకదాని అంచు ముక్కను జేబులోంచి తీశాడు. కర్మాగారం నుంచి తెచ్చుకున్నాడు, ఇంకా చీటీ కట్టలేదు. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"అడుగు" అన్నాడు.

"ఏమడగను?"

"ఎందుకు విరిగిందని అడగవే. ఒక్కసారి అడుగు తల్లీ. నాకు తెలిసినంత చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను."

ఆమె పిడికిలి విప్పి ముక్కను వెలుగుకు తిప్పింది. ఆ చూపు ఆయన నేర్పిందే: ముందు ముఖం, తరువాత అంచు, ఆపైన మెరుపు. అంతా చూసి ముక్కను తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"అడగడానికేముంది మామయ్యా, కారణం తెలుసు కదా" అంది నెమ్మదిగా.

మరునాడు మేస్త్రి కర్మాగారానికి వెళ్ళలేదు. ఎడమ కంటి ఆపరేషన్‌కు వైద్యురాలు రాసిచ్చిన కాగితం తేదీ దాటిపోయింది. ఎవరెంత చెప్పినా కదలలేదు. ఆ రాలిన ఉలి ముక్కకు చీటీ కట్టి, నలభై నాలుగో సారి 'నా తప్పు' అని రాశాడు. తరువాత ఇంకొక చీటీ రాశాడు. ఏమిటి అన్నచోట ఎందుకమ్మ చదువు అని ఉంది. ఎప్పుడు అన్నచోట పదిహేనో తేదీ, నెల, సంవత్సరం. ఎందుకు అన్నచోట ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసిన గీతలు.

దారం కట్టడానికి ఏమీ లేదు. మూడు పెట్టెల్లోనూ ముక్క లేని చీటీ అదొక్కటే.